వీసా అక్కర్లేని దేశానికి మళ్లీ మళ్లీ వెళ్లాలంటే: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

అనంతపురం వాళ్లకు దేవనహళ్లి విమానాశ్రయం, కర్నూలు వాళ్లకు శంషాబాద్, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. కడప వాళ్లు బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో ఎక్కడ టికెట్ చౌకగా దొరికితే అక్కడ విమానం ఎక్కుతారు. మూడు చోట్ల నుంచీ బ్యాంకాక్‌కు, కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. పైగా ఆ రెండు దేశాలూ ఇప్పుడు మన పాస్‌పోర్టుకు వీసా అడగడం లేదు. మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి 30 రోజులు ఉండనిస్తోంది, ఆ వెసులుబాటును 2026 డిసెంబర్ 31 వరకు పొడిగించింది. థాయ్‌లాండ్ 2023 నవంబర్‌లో 30 రోజులతో మొదలుపెట్టి 2024 జూలై 15 నుంచి 60 రోజులు చేసింది. ఆ 60ని తగ్గించాలన్న చర్చ అక్కడి ప్రభుత్వంలో 2025 నుంచి నడుస్తోంది కాబట్టి, టికెట్ కొనే రోజున రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో వీసా కావాలా వద్దా, ఎన్ని రోజులని ఉందో చూసుకోండి.

ఈ సదుపాయంతో పాటు ఒక సలహా కూడా మన ఊళ్లలో తిరుగుతోంది. "రోజులు అయిపోతే పక్క దేశానికి పోయి రెండు రోజులుండి మళ్లీ లోపలికి పో అన్నా, లెక్క కొత్తగా మొదలైతుంది" అంటారు. కొన్ని దేశాల్లో, కొన్నిసార్లు, కొందరి విషయంలో అలా జరుగుతుంది. కానీ దాన్ని నమ్ముకుని ఆరు నెలల బతుకు ప్లాన్ చేసుకోవడం వేరే సంగతి. వీసా అక్కర్లేదంటే అనుమతి అక్కర్లేదని కాదు. ఆ అనుమతి ఇచ్చే చోటు రాయబార కార్యాలయం నుంచి విమానాశ్రయం కౌంటరుకు మారింది, అంతే. వీసాకు దరఖాస్తు చేస్తే అవునో కాదో ఇంట్లో ఉండగానే తెలుస్తుంది. వీసా లేకుండా వెళ్తే టికెట్ కొని, హోటల్‌కు కట్టి, విమానం దిగాక తెలుస్తుంది. అదీ ఒక్కసారితో పోదు, వెళ్లిన ప్రతిసారీ కొత్తగా తేలాల్సిందే.

అందుకే ఏ దేశం ఎన్ని రోజులిస్తుందన్న దానికంటే ముందు, ఎందుకు వెళ్తున్నారు, ఏడాదిలో మొత్తం ఎన్ని రోజులు అక్కడ ఉండాలనుకుంటున్నారు అన్నవి తేల్చుకోవాలి. ఈ రెండూ తేలితే ఏ దారి మంచిదో దాదాపు తేలిపోయినట్టే.

రోజుల లెక్క అన్నిచోట్లా ఒకటి కాదు

మోసపోయేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. ఒక దేశం నియమాన్ని ఇంకో దేశానికి అంటగడతారు.

మలేషియాలో వెళ్లిన ప్రతిసారీ 30 రోజులు. మధ్యలో ఇన్ని రోజుల విరామం ఉండాలన్న నియమాన్ని మన ముందు పెట్టరు. దాంతో ఎన్నిసార్లయినా పోవచ్చని అనుకుంటారు. నియమం రాసిలేదు కాబట్టే అక్కడ అంతా అధికారి విచక్షణ మీద ఉంటుంది. 29 రోజులుండి, వారం గడవకముందే మళ్లీ వచ్చి నిలబడితే, ఈ మనిషి ఇక్కడ కాపురం ఉంటున్నాడా, ఎక్కడైనా పని చేస్తున్నాడా అన్న అనుమానం రావడం సహజం. వెనక్కి పంపితే దాన్ని అక్కడ 'నాట్ టు లాండ్' అంటారు.

థాయ్‌లాండ్‌లో విమానంలో వచ్చేవాళ్లకు ఒక తీరు, రోడ్డు మీద సరిహద్దు దాటి వచ్చేవాళ్లకు ఇంకో తీరు. వీసా లేకుండా భూమార్గంలో రావడం క్యాలెండర్ ఏడాదికి రెండుసార్లకే పరిమితం. విమానంలో వచ్చేవాళ్లకు అలా అంకె కట్టకపోయినా, 2025 నవంబర్‌లో అక్కడి ఇమ్మిగ్రేషన్ గట్టిగానే చెప్పింది: సరైన కారణం లేకుండా బయటికి వెళ్లి తిరిగి రావడం రెండుసార్లు దాటితే రానివ్వకపోవచ్చని. ఇక 2025లో ఘర్షణల తర్వాత కంబోడియా వైపు సరిహద్దు గేట్లు మూతపడ్డాయి. పాత వీడియోలు చూసి ఆ దారిన పోదామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మనకు వీసా అక్కర్లేని మరో దేశం కజకిస్తాన్ లెక్క ఇంకా కచ్చితం. ఒకసారికి 14 రోజులు, ఏ 180 రోజుల్లో చూసినా మొత్తం 42 రోజులు దాటకూడదు. ఈ 180 రోజులు జనవరి నుంచి జూన్ దాకా అన్నట్టు ఒకచోట నిలిచి ఉండవు. మీరు అక్కడున్న ప్రతి రోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి చూస్తారు. ఒకరు జనవరి 10 నుంచి 23 వరకు, మార్చి 1 నుంచి 14 వరకు, ఏప్రిల్ 20 నుంచి మే 3 వరకు ఉన్నారనుకుందాం. 42 అయిపోయాయి. లీపు సంవత్సరం కాకపోతే జనవరి 10 నుంచి 180వ రోజు జూలై 8 అవుతుంది. జూలై 9న జనవరి 10 లెక్కలోంచి జారిపోతుంది, ఒక రోజు ఖాళీ వస్తుంది. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున జనవరి రోజులు జారుతుంటాయి కాబట్టి, జూలై 9న దిగితే 22 వరకు ఉండొచ్చు. జూన్ నెలాఖరులో దిగితే మాత్రం ఒక్క రోజు కూడా లేదు. యూరప్ షెంగెన్ దేశాల్లో 180కి 90 అన్న నియమం కూడా ఇలాగే జరుగుతూ పోయే లెక్కే. అక్కడ మనకు వీసా తప్పనిసరి అయినా, ఎక్కువసార్లు వెళ్లి వచ్చే వీసా చేతిలో ఉన్నవాళ్లు ఈ లెక్కే వేసుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. 30 రోజులంటే నెల కాదు. థాయ్‌లాండ్‌లో దిగిన రోజే ఒకటో రోజు. రాత్రి 11 గంటలకు దిగినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. స్టాంపు మీద వేసిన తేదీ చూసుకోండి, మీ వేళ్ల మీద లెక్కను నమ్మకండి.

సరుకు కోసం వెళ్లే వ్యాపారులు

ప్రొద్దుటూరు, కర్నూలు, హిందూపురం నుంచి బట్టలు, ఫ్యాన్సీ సరుకు చూసుకోవడానికి బ్యాంకాక్ ప్రతూనం హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లేవాళ్లకు నా సలహా సూటిగా ఉంటుంది: వీసా లేని ప్రవేశమే వాడుకోండి, భయపడకండి. నాలుగైదు రోజులుండి, రెండు మూడు నెలలు ఊళ్లో ఉండి, మళ్లీ వెళ్లే మనిషి పాస్‌పోర్టు చూస్తేనే కథ తెలుస్తుంది. అధికారులకు అనుమానం వచ్చేది ఎక్కువ రోజులుండి, తక్కువ విరామంతో తిరిగి వచ్చేవాళ్ల మీద. థాయ్‌లాండ్ 60 రోజుల వెసులుబాటు ప్రకటించినప్పుడు పర్యాటకంతో పాటు వ్యాపార సంబంధమైన చిన్న పనులకూ వర్తిస్తుందనే చెప్పింది. మీ దుకాణం జీఎస్టీ కాగితం, గతంలో కొన్న బిల్లులు ఫోన్‌లో కాకుండా కాగితం మీద పెట్టుకోండి. అక్కడి దుకాణంలో నిలబడి అమ్మిపెట్టడం మాత్రం పని చేయడం కిందికి వస్తుంది, దానికి ఈ వెసులుబాటు చెల్లదు.

వీళ్లకు ఇబ్బంది ఎక్కువగా మనవైపు కస్టమ్స్ దగ్గరే వస్తుంది. అమ్మకానికి తెచ్చే సరుకు సొంత లగేజీ కిందికి రాదు. ఏటా నాలుగైదుసార్లు వెళ్లేవాళ్లయితే ఐఈసీ కోడ్ (దిగుమతి, ఎగుమతి చేసేవాళ్లకు ఇచ్చే నంబరు) తీసుకుని కార్గోలో తెప్పించుకోవడమే దారి. పాస్‌పోర్టు కూడా 36 పేజీలది కాకుండా 60 పేజీలది తీసుకోండి. 1,500 రూపాయలకు బదులు 2,000, తేడా 500 మాత్రమే.

ల్యాప్‌టాప్‌తో కొన్ని నెలలు ఉండాలనుకునేవాళ్లు

ఇంటి నుంచి పని చేసే ఉద్యోగం దొరికి, థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లోనో మలేషియాలోని పెనాంగ్‌లోనో కొన్నాళ్లు ఉందామనుకునే కుర్రాళ్లు అనంతపురంలో, కడపలో కూడా కనిపిస్తున్నారు. "బయటికి పోయి లోపలికి రా" అన్న సలహా ఎక్కువగా వీళ్లకే అందుతుంది, వీళ్లకే ఎక్కువ ప్రమాదం. కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

థాయ్‌లాండ్‌లో 60 రోజులు సరిపోకపోతే దేశం దాటకుండానే అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాట్ కట్టి 30 రోజులు పొడిగించమని అడగొచ్చు. అంటే మూడు నెలలు. కౌలాలంపూర్‌కు పోయి రావడానికి టికెట్లు, హోటల్, రెండు రోజుల పని చెడిపోవడం అన్నీ కలిపితే పొడిగింపు కంటే ఖర్చు ఎక్కువే అవుతుంది. పైగా తిరిగి రానిస్తారన్న భరోసా లేదు. గదిలో సామాను, అడ్వాన్సు అక్కడ ఉండిపోయి, మనిషి మాత్రం విమానాశ్రయంలో ఆగిపోతే ఎంత టెన్షనో ఊహించుకోండి. మూడు నెలల్లోపు పనైతే పొడిగింపే మంచిది, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మూడు నెలలు దాటితే దారులు మారతాయి. థాయ్‌లాండ్ 2024 జూలైలో డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) అనే వీసా తెచ్చింది. ఐదేళ్ల గడువు, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు. ఫీజు 10,000 బాట్. బయటి దేశపు కంపెనీకి దూరం నుంచి పని చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తెచ్చిందే ఇది. ఖాతాలో 5 లక్షల బాట్ చూపించాలి, మన లెక్కలో సుమారు 14 లక్షల రూపాయలు. మలేషియాలో దీనికి దగ్గరగా ఉన్నది డీఈ రాంటావ్ పాస్, 2022లో మొదలైంది. 3 నెలల నుంచి 12 నెలల వరకు ఇస్తారు, మళ్లీ పొడిగించుకోవచ్చు. ఇక్కడ దాచుకున్న డబ్బు కాదు, ఆదాయం చూస్తారు. టెక్ ఉద్యోగులకు ఏడాదికి 24,000 డాలర్లు దాటాలి. కాబట్టి జీతం బాగుండి ఇంకా పొదుపు చేయని కుర్రాడికి మలేషియా, పొదుపు ఉండి ఆదాయం ఒక్కో నెల ఒక్కోలా ఉండే ఫ్రీలాన్సర్‌కు థాయ్‌లాండ్ నయం.

రెండూ లేనివాళ్లు? మూడు నెలలుండి ఇంటికి వచ్చేయండి. సంక్రాంతికో ఉగాదికో ఇంట్లో ఉండి, తర్వాతి విడతకు థాయ్ టూరిస్ట్ వీసా ముందుగానే తీసుకుని వెళ్లండి. ఎక్కువసార్లు వెళ్లే రకం కూడా ఉంది, ఆరు నెలల గడువులో ప్రతిసారీ 60 రోజులిస్తారు. భారత్ నుంచి దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. టూరిస్ట్ వీసా ఉన్నంత మాత్రాన పని చేసుకునే హక్కు వచ్చినట్టు కాదు, అది మాత్రం మనసులో పెట్టుకోండి.

పన్ను సంగతి కూడా చాలామంది ఆలోచించరు. ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు థాయ్‌లాండ్‌లో ఉంటే అక్కడి పన్ను చట్టం మిమ్మల్ని అక్కడి నివాసిగా చూస్తుంది. 2024 నుంచి అలాంటివాళ్లు బయటి దేశంలో సంపాదించి అక్కడికి తెచ్చుకున్న డబ్బు మీద పన్ను నియమాలు గట్టిపడ్డాయి. కంపెనీకి చెప్పకుండా ఆరు నెలలు వేరే దేశంలో కూర్చుంటే కంపెనీ వైపు నుంచీ చిక్కులు రావచ్చు. హెచ్‌ఆర్ వాళ్ల నుంచి ఒక ఈమెయిల్ తీసుకోండి, కౌంటరు దగ్గర కూడా అది పనికొస్తుంది.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు

కౌలాలంపూర్‌లో కొడుకో కూతురో ఉద్యోగం చేస్తుంటే, మనవడినో మనవరాలినో చూసుకోవడానికి అమ్మ మూడు నెలలు ఉండాలంటుంది. 30 రోజులకోసారి బయటికి తీసుకెళ్లి తెద్దామని పిల్లలు ఆలోచిస్తారు. దయచేసి అలా చేయకండి. అరవై ఏళ్ల మనిషిని ఇంగ్లిష్‌లో అడిగే ప్రశ్నల ముందు పదేపదే నిలబెట్టొద్దు. మలేషియాలో ఉద్యోగ పాస్ స్థాయిని బట్టి తల్లిదండ్రులకు లాంగ్ టర్మ్ సోషల్ విజిట్ పాస్ అడిగే వీలుంది, అది కంపెనీ ద్వారా నడుస్తుంది. మొదటి 30 రోజుల పర్యటనకు వీసా లేకుండా రండి, రెండోసారి అనుకున్నప్పుడు పాస్‌తో రండి.

ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివే పిల్లల తల్లిదండ్రులకు వేరే లెక్క. ఆ దేశం 2025 జూన్ నుంచి మనవాళ్లను 14 రోజులు వీసా లేకుండా రానిస్తోంది, కానీ ఆ 14 పొడిగించరు, వేరే వీసాగా మార్చరు. కాన్వొకేషన్‌కో, అడ్మిషన్ రోజులకో వెళ్లి రావడానికి చక్కగా సరిపోతుంది. బిడ్డకు ఒంట్లో బాగాలేక నెల ఉండాల్సి వస్తే బయలుదేరే ముందే వీసా తీసుకోండి. కజకిస్తాన్‌లో చదివే పిల్లల కోసం వెళ్లేవాళ్లకు పైన చెప్పిన 14, 42 లెక్కే. చదివే పిల్లలకు మాత్రం ఈ వెసులుబాట్లు వర్తించవు, వాళ్లకు స్టూడెంట్ వీసా కావాల్సిందే.

నేపాల్ గురించి ఒక్క మాట చాలు: మనకు వీసా లేదు, రోజుల పరిమితీ లేదు, ఈ గొడవేదీ అక్కడ ఉండదు.

పని దొరుకుతుందని టూరిస్టుగా వెళ్లేవాళ్లు

ఈ దారి వద్దు. ఇక్కడ పోల్చి చూడటానికి ఏమీ లేదు.

రాయచోటి, రాజంపేట, కడప వైపు కువైట్ తెలియని ఇల్లు తక్కువ. అకామా (అక్కడ ఉండటానికిచ్చే నివాస అనుమతి) అయిపోయి దాక్కుని బతకడం ఎలా ఉంటుందో, 2018లో, మళ్లీ 2024లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇంటికి చేరినవాళ్లను అడిగితే చెబుతారు. ఇప్పుడు అదే ఆశ చూపి బ్యాంకాక్ పేరు చెబుతున్నారు. "వీసా ఖర్చు లేదు, టికెట్ పెట్టుకుంటే చాలు, డేటా ఎంట్రీ పని, నెలకు లక్ష" అని. థాయ్‌లాండ్‌లో దింపి మే సాట్ అనే సరిహద్దు పట్టణం మీదుగా సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతంలో సైబర్ మోసాల కేంద్రాల్లో పడేసినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరించింది. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా భారతీయులను మే సాట్ నుంచి వెనక్కి తెచ్చారు.

ఇరాన్ సంగతి చూడండి. 2024 ఫిబ్రవరి నుంచి మనవాళ్లకు వీసా లేకుండా 15 రోజులు, ఆరు నెలలకు ఒకసారి రానిచ్చింది. ఉద్యోగమని నమ్మించి అక్కడికి తీసుకెళ్లి కిడ్నాప్ చేసి డబ్బు గుంజిన ఘటనలు పెరిగాక, 2025 నవంబర్ 22 నుంచి ఆ వెసులుబాటునే ఆపేసింది. నిజంగా చూసి రావడానికి వెళ్లేవాళ్లు కూడా ఇప్పుడు వీసా కోసం నిలబడాల్సిందే.

పదో తరగతి పాసవ్వనివాళ్లకు ఇంకో విషయం. మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) రకమైతే, ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన 18 దేశాల జాబితాలో గల్ఫ్ దేశాలతో పాటు థాయ్‌లాండ్, మలేషియా కూడా ఉన్నాయి. టూరిస్టునని చెప్పి వెళ్తే శంషాబాద్‌లోనో, బెంగళూరులోనో ఆపి అడుగుతారు. ఏజెంట్ మాట నిజమా కాదా తెలుసుకోవాలంటే విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్స్ నంబరు వెతకండి. విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం ఉన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్‌ను కూడా అడగొచ్చు.

కౌంటరు దగ్గర

థాయ్‌లాండ్‌కు 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో ముందే నింపాలి, మలేషియాకు కూడా అలాంటిదే ఉంది, ప్రయాణానికి ముందు మూడు రోజుల్లో నింపాలి. రెండూ ఉచితమే, డబ్బు అడిగే వెబ్‌సైట్లు అసలువి కావు. థాయ్‌లాండ్‌లో మనిషికి 20,000 బాట్‌కు సరిపడా డబ్బు చూపించమని అడగొచ్చు. తిరుగు టికెట్ నిజమైనదే ఉండాలి. నకిలీ బుకింగ్ కాగితం ఇస్తామనేవాళ్ల దగ్గర కొనకండి, పీఎన్‌ఆర్ కొట్టి చూడటానికి అధికారికి ఒక్క నిమిషం చాలు.

ఎందుకొచ్చారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పోయినసారి కూడా వచ్చారు కదా అంటే, "అవును, అప్పుడు కొడుకు దగ్గరికి, ఇప్పుడు కోడలి సీమంతానికి" అని కారణం చెప్పండి. ఎవరో నేర్పిన జవాబు రెండో ప్రశ్నకే ఆగిపోతుంది.

గడువు మాత్రం దాటొద్దు. థాయ్‌లాండ్‌లో రోజుకు 500 బాట్ జరిమానా, గరిష్ఠంగా 20,000. అది కట్టి బయటపడొచ్చని కొందరంటారు. కానీ 90 రోజులు దాటాక తనంతట తానే లొంగిపోయినా ఏడాది నిషేధం. పోలీసులకు దొరికితే ఏడాదిలోపు గడువు దాటినా ఐదేళ్లు.

ఒకవేళ వెనక్కి పంపితే అక్కడ వాదించి లాభం లేదు. వచ్చిన విమానయాన సంస్థే తిరిగి తీసుకొస్తుంది. కారణం రాసిన కాగితం అడిగి తీసుకోండి, అర్థం కాని దాని మీద సంతకం పెట్టే ముందు భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేయనివ్వమని అడగండి. ఆ కాగితం పారేయకండి. బ్రిటన్, కెనడా వీసా దరఖాస్తుల్లో ఏ దేశమైనా మిమ్మల్ని సరిహద్దు దగ్గర తిప్పి పంపిందా అన్న ప్రశ్న ఉంటుంది. రేపు మాస్టర్స్‌కో, ఉద్యోగానికో దరఖాస్తు చేసేటప్పుడు అక్కడ అవునని రాసి, కారణం రెండు వాక్యాల్లో వివరించి, ఈ కాగితం జత చేయాలి.